బాపు కళ్లు మూసుకుని చేతులు చాపితే

నేను ఇంటర్ చదివే రోజుల్లో శామీర్‌పేటలోని మా వాడకు నరాల జబ్బుల సర్వే అంటూ డాక్టర్లు వచ్చారు. "ఎవరికైనా ఫిట్స్ వస్తాయా, చేతులు వణుకుతాయా?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఉందంటే ఊళ్లో చెడ్డపేరు పడుతుందని భయం.

మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు. కొన్నాళ్లుగా వల గుండ్రంగా విచ్చుకోవడం లేదని దాన్ని తిట్టుకుంటూ, అంచుకున్న సీసం గుండ్లు విప్పి మళ్లీ మళ్లీ కట్టేవాడు. కానీ మనిషి మస్తు తమాషా. ఎవరి నడకనైనా నడిచి చూపించి వాడలో అందరినీ నవ్వించేవాడు.

"గింత భయమేంది? ముందుగాల నన్ను జూడుండ్రి సారూ" అంటూ వెళ్లి నిలబడ్డాడు.

కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమన్నాడు ఒక డాక్టరు. కాసేపటికి బాపు కుడిచెయ్యి మెల్లగా కిందికి జారిపోసాగింది. మళ్లీ ఏదో వేషం వేస్తున్నాడనుకుని అందరం పడీపడీ నవ్వాం. డాక్టరు నవ్వలేదు.

"ఎందుకు నవ్వుతున్నరు? సక్కగనే జాపిన గదా!" అన్నాడు బాపు, కళ్లు మూసుకునే. తర్వాత కళ్లు తెరిచి తన చెయ్యి చూసుకున్నాడు.

పట్నం ఆసుపత్రిలో మెదడులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసినా బాపు దక్కలేదు. నవ్వులాట మధ్య చావుకబురు దాగి ఉందని ఆ రోజు మాకెవరికీ తెలియదు.

కర్మలన్నీ అయ్యాక చిన్నాయన బాపు వల తీసుకుని చెరువుకు వెళ్లాడు. అమ్మా నేనూ ఒడ్డున నిలబడ్డాం. విసరగానే అది నీళ్ల మీద పళ్లెంలా గుండ్రంగా పరుచుకుంది.

చిన్నాయన వెనక్కి తిరిగి, "వల మంచిగనే ఉన్నది గద వదినా" అన్నాడు.