ఒంటి తుమ్ము

మా చిన్నప్పుడు... శివరాత్రి వెళ్ళి వేపచెట్లు పూతకు వచ్చాయంటే చాలు, మా వాకిట్లో పొద్దున్నే తుమ్ముల కచేరీ మొదలయ్యేది. కచేరీ నాది... తిప్పలు మాత్రం నాన్నవి.

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. సైరన్ ఆగేలోగా గేటు దాటాలి. సరిగ్గా నాన్న సైకిల్ స్టాండు తీసే వేళకే, వేపచెట్టు కింద మంచం మీద నాకు మెలకువ వచ్చేది. ముక్కు దురద, కళ్ళలో నీళ్ళు... ఆ వెంటనే తుమ్ములు.

మా నాయనమ్మ తెనాలి వైపు మనిషి. కొడుకు ఉద్యోగంతోపాటు ఇక్కడికి వచ్చేసింది గానీ, తుమ్ముల పట్టింపు మాత్రం అక్కడ వదిలి రాలేదు. జంట తుమ్ములైతే శుభం, నిక్షేపంలా వెళ్ళొచ్చు. ఒంటి తుమ్మైతే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపాగి కదలాలి. నావేమో వరస తుమ్ములు... ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. అన్నీ జతపడితే నాన్న బతికిపోయేవాడు. ఒకటి మిగిలిందా, కూర్చోవలసిందే.

"దానికి ఏదో పడక వచ్చే తుమ్ములమ్మా అవి. శకునం కాదు" అనేవాడు నాన్న.

"పడక వచ్చినా తుమ్ము తుమ్మేరా అబ్బాయ్. కూర్చో" అనేది నాయనమ్మ.

నాన్న తల్లి మాట జవదాటడు... కూర్చునేవాడు. నన్ను లోపల పెట్టి తలుపేస్తే పోయేది కదా అంటారా? ఆ రెండు గదుల క్వార్టర్‌లో నేను తుమ్మితే వెనక వరస వాళ్ళకు కూడా వినిపించేది.

అలా ఆలస్యమై ఆలస్యమై, ఒక శనివారం ఫోర్‌మన్ గట్టిగానే చెప్పాడట... ఇంకొక్కసారి లేటైతే ఇక రానక్కర్లేదని. నాన్న ఉద్యోగం తుమ్మితే ఊడిపోయే ముక్కయి కూర్చుంది. అమ్మ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. నేనైతే ముక్కు మూసుకుని మూల కూర్చున్నాను... నా వల్లే కదా అని ఏడుపొచ్చేసింది.

గోడ అవతల ఉండే యాదమ్మత్త చెవిన పడింది ఈ సంగతి. వెంటనే వచ్చేసింది.

"అన్న గంత పరేషాన్ల ఉంటే ఊకె సూస్కుంట కూసుంటరా? గా ఏపచెట్టు కింద పండవెడ్తే తుమ్ములు గాక ఏమొస్తయ్? జెర మంచం లోపటికి తియ్యుర్రి" అంది.

నాయనమ్మ మూతి ముడుచుకుంది. వేపగాలి ఆరోగ్యమని నన్నక్కడ పడుకోబెట్టింది ఆవిడే మరి.

అయినా మంచం లోపలికి చేరింది. ఇక ఆదివారమంతా నాకు వైద్యమే... ఆడుకుని రాగానే మొహం, కాళ్ళూ చేతులూ కడిగించి, "గా దుమ్ము గౌనుతోని మంచమెక్కకు బిడ్డా" అని గౌను మార్పించింది యాదమ్మత్త. మరిగే నీళ్ళలో వావిలాకు, పసుపు వేసి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. మేం వాము అంటాం, ఆమె ఓమ అంటుంది... దాన్ని పెనం మీద వేయించి, పాత పంచె ముక్కలో మూటకట్టి, గోరువెచ్చగా ముక్కు దగ్గర పెట్టింది. పక్కింటావిడ అంత చేస్తుంటే నాయనమ్మ ఊరుకుంటుందా? పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమంది. పడుకోబోయే ముందు మిరియాల పాలు సరేసరి. రాత్రికి నేను నడిచే పోపులపెట్టెనైపోయాను. తమ్ముడు నా పక్కన పడుకోనన్నాడు.

సోమవారం పొద్దున కళ్ళు చల్లగా ఉన్నాయి... ముక్కు తేలిగ్గా ఉంది. వాకిట్లోకి వచ్చాను. తుమ్ము రాలేదు. గోడ మీంచి యాదమ్మత్త నవ్వింది. నాన్న సైకిల్ స్టాండు తీశాడు.

అప్పుడు వచ్చింది... ఒక్కటి.

అందరం రెండోదాని కోసం చూశాం. నేను ఎండ వైపు మొహం పెట్టాను. ముక్కు నలుపుకున్నాను. వైద్యం అంత బాగా పనిచేసింది మరి, ఇంకొకటి రానేలేదు. సైరన్ మొదలైంది. నాన్న సైకిల్‌కు మళ్ళీ స్టాండు వేసి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళ కోసం చెయ్యి చాపాడు. చూపు మాత్రం సైకిల్ మీదే ఉంది.

నాయనమ్మ అది చూసింది. ఏమనుకుందో ఏమో... పమిట చెంగు చివర సన్నగా ఒత్తిలా మెలిపెట్టి, తన ముక్కులో పెట్టుకుని తిప్పింది. ఒకసారి... ఇంకోసారి... కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. ఆ తర్వాత ఆవిడ తుమ్మిన తుమ్ముకు చెట్టు మీద కాకులు లేచిపోయాయి.

"గట్ల తెచ్చుకున్న తుమ్ము సుత లెక్కలకొస్తదా పెద్దమ్మా?" అంది యాదమ్మత్త.

"తుమ్మింది నేను. లెక్కపెట్టేదీ నేనే. రెండయ్యాయి... బయల్దేరు నాయనా" అంది నాయనమ్మ, ఎర్రబడ్డ ముక్కు తుడుచుకుంటూ.

నాన్న సైకిలెక్కి ఎలా తొక్కాడో! సైరన్ ఆగేలోపే గేటు దాటాడట. ఆ రోజు నాయనమ్మ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఇప్పుడు అల్వాల్‌లో, మూడో అంతస్తులో ఉంటున్నాం. కిందే వేపచెట్టు... పూత రాగానే నా తుమ్ములు షురూ. డాక్టరు రాసిచ్చిన మాత్ర ఉంది. ఆవిరీ, మిరియాల పాలూ ఇంకా మానలేదు. మీ ఇళ్ళలో ఏ ఆకు వాడేవాళ్ళు, ఎవరు కాచి ఇచ్చేవాళ్ళు... చెప్పండి, చదవాలనుంది.

పొద్దున నేను తుమ్ముతూనే ఉంటాను... మా ఆయన బండి తీస్తాడు, పిల్లలు చెవుల్లో వైర్లతో లిఫ్ట్ ఎక్కేస్తారు. నా తుమ్ము వల్ల ఎవరికీ ఏ ఆలస్యమూ లేదు. హాయే కదా... అయినా ఒక్కోసారి, నేను తుమ్మినప్పుడు ఎవరైనా వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్తే బాగుండుననిపిస్తుంది.