సంచిలో దొరికిన ధర చీటీ

లేదు చిన్నీ, నన్ను పోలీసులు పట్టుకోలేదు, పలాస సూపర్ మార్కెట్లో గార్డు ఆపాడంతే. మీ తాతయ్యకు కిడ్నీ జబ్బు కదా, ఉప్పు తగ్గించమన్నారు. ఆయన అడిగిన బిస్కెట్ల ప్యాకెట్ మీద ఉప్పెంతో రాసిన సన్నటి అక్షరాలు నాకు కనపడలేదు. కొనేముందు డాక్టరును అడుగుదామని, అల్మరా అంచున ఆ బిస్కెట్ల పేరూ ధరా ఉన్న చీటీని అట్టముక్కే అనుకుని లాగి సంచిలో వేసుకున్నాను. గుమ్మం దగ్గర అందరి ముందూ సంచి తీయించారు.

"అది అట్ట కాదు మామ్మా, మిషను. కంప్యూటర్లో నొక్కితే రేటు దానంతటదే మారిపోతాది" అన్నాడు మేనేజరు.

సిగ్గేసినా నేను కదల్లేదు. "దొంగతనానికి కాదు బాబూ, డాక్టరుకి సూపిద్దామని తీసినాను" అన్నాను.

ఆ రోజు మేనేజరును అడిగిన ప్రశ్ననే ఆ కొట్టుకి వెళ్లినప్పుడల్లా అడుగుతున్నాను. "రేటైతే చిటికెలో మార్సేత్తారు, బిస్కెట్లలో ఉప్పెంతున్నాదో కూడా దాని మీద రాయకూడదేటి?"