ఆ చక్రవర్తి కూడా అడగని పన్ను

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లలు తూగే మధ్యాహ్నం పీరియడ్‌లో రోమ్ పన్నుల సంగతి ఎత్తితే చాలు, తరగతంతా లేచి కూర్చుంటుంది. బానిసను విడిచిపెడితే ఆ విడుదల మీద కూడా పన్నే. పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం మూత్రం మీద పన్ను. అక్కడ బట్టలు ఉతికేవాళ్లు మురికి వదలడానికి పులిసిన మూత్రం వాడేవాళ్లు, తోళ్లు పదును చేసేవాళ్లకూ అది కావాలి. ఒక చక్రవర్తి దానిమీద పన్ను వేశాడు. ఇదేం పాడు సంపాదన అని కొడుకు అంటే, తండ్రి ఒక నాణెం అతని ముక్కు దగ్గర పెట్టి, వాసనొస్తోందా అని అడిగాడట. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. మా చిన్నమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు నుంచి ఆ పాఠం చెబుతుంటే ఒళ్లు మండుతోంది.

చిన్నమ్మది ఓర్వకల్లు అవతల పల్లె. కూలి పనికి పోయే మనిషి. మా వైపు ఆడవాళ్లకు ఒక అలవాటుంది. బస్సెక్కే రోజు పొద్దున్నించీ నీళ్లు ముట్టరు. దారిలో ఎక్కడ కూర్చోవాలో తెలియదు కాబట్టి గొంతు ఎండగట్టుకుంటారు, కాఫీ ఇచ్చినా వద్దంటారు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. అలా ఎండీ ఎండీ చిన్నమ్మ కిడ్నీల్లో రాళ్లు పడ్డాయి. కర్నూల్లో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, ఇకమీదట నీళ్లు బాగా తాగకపోతే కిడ్నీ దక్కదని గట్టిగా చెప్పింది. చిన్నమ్మ భయపడింది. బయటికి రాగానే నేను కొనిచ్చిన పెద్ద సీసాలో సగం గటగటా తాగేసింది. నాకెంత సంతోషమేసిందో.

తిరుగు ప్రయాణంలో బస్సు మారాలి. ఆ బస్టాండు పేరెందుకులెండి, మీ ఊళ్లోనూ అలాంటిది ఉండే ఉంటుంది. దిగగానే చిన్నమ్మ నా చెయ్యి గిల్లింది. మరుగుదొడ్ల గోడ మీద, మూత్రవిసర్జన ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మగవాళ్లు తమ వైపు పోతున్నారు, వస్తున్నారు, అడిగేవాడు లేడు. ఆడవాళ్ల వైపు మాత్రం ఒకాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. డబ్బులివ్వమన్నాడు. నేను గోడ చూపించాను.

"అది మొగోళ్లకమ్మా. ఆడోళ్లు లోపలికి పోతే నీళ్లు పోయాల, కడగాల. శానా పని ఉండాది," అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

ఇచ్చేస్తే గొడవే ఉండేది కాదు. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఆ రోమ్ చక్రవర్తే నయం! అతను పన్ను వేసింది మూత్రం కొనుక్కుని లాభం చేసుకునేవాళ్ల మీద. పోసినవాళ్ల దగ్గర వసూలు చేయలేదు, అందులో ఆడవాళ్లను విడిగా నిలబెట్టి అసలే చేయలేదు. ఇక్కడ ఆడపుట్టుక పుట్టినందుకు కట్టాలి. ఇదంతా ఆ బల్ల ముందే నిలబడి అరిచాను. జనం పోగయ్యారు. అతని పైఅధికారి ఎవరో చెప్పమన్నాను, ఫిర్యాదు చేస్తానన్నాను. చివరికి అతను విసుక్కుని, ఊరికే పోండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

గెలిచాననుకుని వెనక్కి తిరిగితే చిన్నమ్మ లేదు. వెతికితే మా బస్సులో కనిపించింది, కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. డబ్బులక్కర్లేదట, రమ్మని బతిమాలాను. లేవలేదు.

"అంతమంది మొగోళ్లు చూస్తాండారు. నేను యాడికి పోతాండానో అందరికీ తెలిసిపాయె. ఇంగ ఎట్ల పోయేది పాపా?" అంది.

బస్సు కదిలింది. రాళ్ల గుట్టల మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. చిన్నమ్మ కాళ్లు దగ్గరికి ముడుచుకుని, పళ్లు బిగబట్టి కూర్చుంది. డాక్టరమ్మ మాట గుర్తుచేసి, ఊరు చేరాకైనా తాగమని సీసా ఆమె చేతిలో పెట్టాను. బిందెడు నీళ్ల కోసం జీవితమంతా ట్యాంకర్ల దగ్గర కొట్లాడిన మనిషి, మూత తీసి, ఆ నీళ్లన్నీ కిటికీలోంచి పారబోసింది.