పాతరలో పెట్టిన మదీరా సీసా

నాకు ద్రాక్షసారాయి సంగతి తెలుసంటే ఇప్పటి పిల్లోళ్ళు నోళ్ళు తెరుస్తారు. పాదిరిగారి పెండ్లానికి ఇదేం బుద్ధి అనుకుంటారేమో. అనుకోనీ! తెల్లదొరలు ఇంకా ఏలుతాండిన కాలంలో, నంద్యాల దాపున మా పల్లెలో, పోర్చుగీసు వైనుకూ స్పెయిను వైనుకూ తేడా చెప్పగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. అది తలుచుకుంటే ఈ పొద్దుకీ నాకు ఒళ్ళు పులకరిస్తాది.

మా గుడి పాదిరి దొర, ఊరంతా అయ్యగారూ అని పిలిచేటాయన, ఇంగ్లండు సీమకు పోతాపోతా తన చోట్లో మా ఆయన్ను పెట్టినాడు. మా ఆయనకు కొత్తగా గురుపట్టం ఇచ్చినారు. తెలుగోడు, అందులోనూ ఈ ఊళ్ళోనే పుట్టినోడు, మా గుడిలో ప్రభువు శరీరమని రొట్టె విరిచి, ప్రభువు రక్తమని ద్రాక్షసారాయి గిన్నె అందించడం అదే మొదలు. పోయే ముందర దొర మా ఇద్దర్నీ బంగళాకు పిలిపించి, బల్ల మింద నాలుగు సీసాలు వరసగా పెట్టినాడు. యుద్ధం వచ్చి సరుకు ఓడలు నిలిచిపోయినాయి, మద్రాసు నుంచి ఇంగ పెట్టెలు రావు, రొట్టె గిన్నెల సంస్కారానికి ఇవే మీకు దిక్కు అన్నాడు. తెలుగు బాగా మాట్లాడేవాడు మహానుభావుడు.

మొదటిది స్పెయిను ఎర్రది. ఉత్త ద్రాక్షరసం పులిసిందే, ఇంగేం కలపలేదు, వేడి తగిల్తే చెడిపోతాది అన్నాడు. రెండోది షెర్రీ, అదీ స్పెయినుదే. దాన్ని ఆడికాడే తెరిచి చిన్న గ్లాసులో ఇచ్చినాడు. తియ్యగా ఉంటాదనుకుంటినా, అబ్బ! కాస్త ఉప్పగా, వేంచిన చెనిక్కాయల వాసన. దాన్ని చేసేవాళ్ళు పీపాలను ఎప్పుడూ ఖాళీ చెయ్యరంట. పాతదాంట్లో నుంచి కొంచెం తీసి, తీసినంతా కొత్తది పోస్తా, ఏండ్ల తరబడి అట్లే నడుపుతారంట.

"అయ్యో దొరా, ఇది మా తరవాణి కుండే గదా!" అని అరిస్తిని. మా ఇంట్లో అన్నం కడుగు పులియబెట్టే కుండను మా అవ్వ కాలం నుంచి ఒక్కతూరి కూడా పూరాగా వంచింది లేదు. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కినాడు. దొర మాత్రం పగలబడి నవ్వినాడు.

మూడోది పోర్టు, పోర్చుగీసోళ్ళది. రసం ఇంకా పులుస్తాండగానే, తీపి మిగిలి ఉండగానే, దాంట్లో గట్టి సారా పోస్తారు. పులిసేది ఆడికి నిలిచిపోతాది, తీపి తీపిగానే ఉండిపోతాది. షెర్రీకైతే పులిసేది అయిపోయినాక పోస్తారు, అందుకే అది తియ్యగా ఉండదు. ఎంత తెలివి చూడండి! నాలుగోది మదీరా. పోర్చుగీసోళ్ళ దీవి ఒకటి ఉండాదంట సముద్రంలో. ఒకప్పుడు ఆ వైను పీపాలు ఓడ అడుగున పడి, వేడి సముద్రాలన్నీ తిరిగి, ఉడికి ఉడికి ఇంటికొస్తే, పోయినప్పటికంటే రుచిగా ఉండెనంట. అప్పటి నుంచి కావాలనే దాన్ని వేడి గదుల్లో పెట్టి మాగేస్తారంట. నేను నోరు తెరుచుకొని వింటాంటిని. ఇంటికొచ్చినాక మా ఆయన్ను పట్టుకొని అంతా మళ్ళా మళ్ళా చెప్తే, "నేనూ ఆడనే ఉంటిని కదే" అన్నాడు పాపం.

షెర్రీని ఆ పూటే ముగిస్తిమి. మిగతా మూడూ మా ఇంటికి తెస్తిమి.

మా మామ, మా ఆయన్ను కన్న తండ్రి, గుడికి పెద్ద. ఆయన మోకాళ్ళేస్తేనే జనం మోకాళ్ళేస్తారు. ఆ మనిషి సీసాలు చూసి, మా ఆయన ముందరే తేల్చి చెప్పినాడు: "దొర చేతి గిన్నె అంటే తాగినా. నేను భుజాన ఎత్తుకొని తిరిగినోడి ముందర మోకాళ్ళేసేదేందిరా? ఆ పని నాతో కాదు."

మా ఆయన మొగం నల్లబడిపోయింది. తండ్రే తాగకపోతే ఇంగ ఊళ్ళో ఎవరు తాగుతారు? ఈస్టరు పండగనాడు ఆ గిన్నె పట్టుకొని ఒంటిగా నిలబడల్ల. నాకు కడుపు మండిపోయింది. అయినా మామను ఏమనేది?

గిన్నె తాగను గానీ సీసాలు కాపాడతా అన్నాడు మా మామ. ఎండకు చెడకూడదు, తాగుబోతుల కంట పడకూడదు అని, పెరట్లో జొన్నల పాతర నింపేటప్పుడు గింజల నడుమ మూడు సీసాలూ నిలబెట్టి, పైన గడ్డి వేసి మన్నుతో మెత్తినాడు. మాకు విలువైంది ఏదైనా పాతరలోకే పోతాది మరి. భూమి లోపల చల్లగా ఉంటాదని ఆయన నమ్మకం. ఆ ఏడు జొన్నలు సరిగ్గా ఆరకుండానే పోసిన సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈస్టరుకు ముందుదినం పాతర నోరు తెరిస్తిమి. చెడ్డగాలి పోయేదాకా ఆగి, లాంతరు దించి, అది ఆరిపోలేదని చూసి మా మామే లోపలికి దిగినాడు. గింజల్లో చెయ్యి పెట్టి, "ఓర్నాయనో, కాలిపోతాండాది!" అని కేక పెట్టినాడు. తడి గింజలు లోపల్లోపలే ఉడికిపోయినాయి.

స్పెయిను సీసా వాసన చూస్తే ముక్కు పగిలేంత పులుపు. పోర్టు బిరడా ఎగదన్నుకొని పోయి, సీసా ఒరిగి, వైనంతా జొన్నల పాలైంది, సీసా నిండా పురుగులు.

"చూస్తివా? దేవునికే ఇష్టం లేదు. దొర వచ్చినాకే చేసుకుందాం" అన్నాడు మా మామ.

"దేవునికి ఇష్టం లేక కాదు మామా, మీ పాతరకు ఇష్టం లేక!" అంటిని. అంత మాట ఎట్ల అన్నానో నాకే తెల్దు. మా ఆయన అరుగు మింద తల పట్టుకొని కూలబడినాడు.

మదీరా సీసా బిరడా కదల్లేదు. నేనే తీసినాను. కాగిన బెల్లం పాకం, ఎండిన నారింజ తొక్క, రెండూ కలిపిన వాసన గుప్పుమని కొట్టింది. గరిటెలో ఒక చుక్క పోసుకొని నాలిక మింద పెట్టుకుంటి. తీపి, దాని వెనకాలే పులుపు, గొంతులో వెచ్చదనం. నేను ఎగిరి గంతేస్తిని! "చెడలేదు! చెడలేదు! ఈ వేడికి ఇంకా బాగైంది!"

మా మామ బాప్తిస్మం తీసుకున్ననాడే, గుడి గిన్నె తప్ప, సారాయి మానేసినాడు. దూరం నుంచే తొంగి చూసి, "ఇది ఎర్రగా లేదే. ప్రభువు రక్తమంటే ఎర్రగుండల్ల కదా?" అన్నాడు.

"సిలువ మింద ఎండకు ఎండిన రక్తం ఏ రంగులో ఉంటాది మామా?"

ఆయన దగ్గరికొచ్చి సీసా వాసన చూసినాడు. ఆ దీవి కథ, వేడి గదుల కథ చెప్తిని. "అయితే ఆ దీవోళ్ళు చేసే పనే నా పాతర చేసిందంటావా?" అని కాసేపు నవ్వినాడు కూడా. అంతలోనే నవ్వు ఆపి, తువాలు దులుపుకొని చేనికి పోయినాడు. రేపు వస్తారా అని అడిగే ధైర్యం నాకు లేదు, మా ఆయనకూ లేదు.

పండగనాడు గుడి నిండిపోయింది. గిన్నెలో మదీరా తేనె రంగులో మెరుస్తాండాది. మా ఆయన బలిపీఠం దగ్గర నుంచి ఇట్ల తిరిగినాడు. ఎవరూ లేయలేదు. అందరి కండ్లూ మా మామ మిందే. నేను ఓర్చుకోలేక లేయబోతాండగా, ముందు వరసలో నుంచి మా మామ లేచినాడు. మెల్లగా పోయి, బలిపీఠం ముందరుండే కమ్మీ పట్టుకొని, ఒక మోకాలు, మళ్ళా ఇంకొక మోకాలు వేసినాడు.

మా ఆయన గిన్నె ఎత్తినాడు, "ఇది ప్రభువు రక్తం" అనే మాట రాలేదు. చెయ్యి వణికి వైను అంచుదాకా వచ్చింది. అప్పుడు మా మామ రెండు చేతులా గిన్నె అడుగు పట్టి నిలిపి, నాకు వినపడీ వినపడనట్ల అన్నాడు:

"చెప్పండి అయ్యగారూ, వింటాండా."

మా ఆయన చెప్పినాడు. మా మామ తాగినాడు.