ఫోన్లో పాస్‌పోర్టుకు పసుపు

దయ్యాలు, గాలి సోకడాలు ఇవన్నీ నా దగ్గర చెల్లవు. అనంతపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. శ్మశానం పక్కన బండి ఆపుకొని తాపీగా ఫోన్ మాట్లాడిన మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. సిగ్గుకు ఇంకో కారణం కూడా ఉంది, చెబుతాను.

మేం కొందరు లెక్చరర్లం కుటుంబాలతో మలేషియా టూరు పెట్టుకున్నాం. పాస్‌పోర్టు కాపీ ఫోన్లో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టుకోండని అందరికీ నూరిపోసింది నేనే. నాది చేతికి రాగానే స్కాన్ చేసి, అప్పటికప్పుడే రెండు చోట్లా దాచాను.

ఆ తర్వాతే గార్లదిన్నె నుంచి మా పెద్దమ్మ వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు పెట్టనిదే ఊరుకోదు, గ్యాస్ స్టవ్ అయినా సరే. ఆ రోజు టూరుకొచ్చే వాళ్లంతా మా ఇంట్లోనే కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే పాస్‌పోర్టు అట్ట మీద పసుపు పెట్టేసింది. నేను గొప్పగా ఫోన్లో కాపీ తెరిచి చూపిస్తే, "మరి దీనికి పెట్టొద్దా నాయనా?" అంటూ అద్దం మీద కూడా వేలు ఒత్తింది. అందరూ గొల్లుమన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "మన చేన్లో బోరుకు గూడా పసుపు పెడితివి గదా, నీళ్లు పడినాయా?" అనేశాను.

ఆ బోరు పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నీళ్లు పడక చీనీ చెట్లన్నీ, అదే బత్తాయి చెట్లు, ఎండిపోతే పెదనాన్నే గొడ్డలి పట్టి నరికాడు. పిల్లల్లేని పెద్దమ్మ నాతోపాటు సాకిన చెట్లు అవి. ఆమె కొంగుతో వేలు తుడుచుకుంది. నేను ఫోన్ చొక్కాకు తుడుచుకున్నాను.

కౌలాలంపూర్‌లో, తిరుగు ప్రయాణానికి ముందు రోజు నా చేతిసంచి పోయింది. పాస్‌పోర్టు అందులోనే. పాస్‌పోర్టుకు బదులు కాగితం దొరక్కపోతే అందరూ విమానమెక్కుతారు, నేనూ నా భార్యా అక్కడే పడి ఉండాలి. దేశం కాని దేశం. పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి మన దేశ రాయబార కార్యాలయానికి పరిగెత్తాను. కాపీ ఉందా అన్నారు. ఎందుకు లేదు అని ధీమాగా ఫోన్ తెరిచాను.

నా ఫొటో పక్కన పసుపు మచ్చ.

చొక్కాకు రుద్దాను. పోలేదు. చేతిగుడ్డ తీసి రుద్దాను. కౌంటర్లో ఉన్న తమిళాయన కాసేపు ఓపిగ్గా చూసి, వచ్చీరాని తెలుగులో "ఎందుకు సార్ రుద్దేది? మచ్చ బొమ్మలోనే ఉంది" అన్నాడు. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేస్తే మచ్చా పెద్దదయింది. అందులో వేలిముద్ర గీతలు కనిపించాయి. మెయిల్ తెరిచాను. పెద్దమ్మ రాకముందే నాకు నేను పంపుకున్న కాపీ అది. దాంట్లోనూ ఉంది.

"ఇంట్లో పెద్దోళ్లు పెట్టినారా? మంచిది సార్. నంబర్ తెలుస్తాంది, చాలు" అంటూ ప్రింటు తీసుకున్నాడు. నేను తలెత్తలేకపోయాను. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది.

అద్దం మీద మరక ఫైల్లోకి పోదు. రోజూ పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఆమాత్రం తెలియదా! తోటి లెక్చరర్లకూ చూపించాను. వాళ్లకూ అంతు చిక్కలేదు.

కొత్త పాస్‌పోర్టు వచ్చాక స్కాన్ కూడా చేయకుండా నేరుగా గార్లదిన్నె పోయాను. జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు. "సల్లగా వస్తిరి, అంతే సాలు" అంది. పసుపు డబ్బా నేనే తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"పెట్టు పెద్దమ్మా."

ఆమె మూత తీయలేదు. "వద్దులేప్పా. నా చెయ్యి పడితే నీళ్లు పడవు" అంది.

ఆ మచ్చ ఎట్లా పడిందో ఇప్పటికీ నాకు తెలియదు. పాత కాపీలో, రెండు చోట్లా, అట్లాగే ఉంది. కొత్త పాస్‌పోర్టు అట్ట మీద మాత్రం ఏమీ లేదు.