బియ్యంలో వెళ్లిపోయిన చంద్రుడి వాచీ

మాది అండమాన్‌లోని ప్రోతరాపూర్. మన నౌక చంద్రుడి మీద దిగినందుకు గుర్తుగా చేసిన వాచీ ఒకటి మావారు ముచ్చటపడి తెప్పించుకున్నారు. అద్దం మీది ప్లాస్టిక్ పొర కూడా తీయకుండా దాచుకున్నారు.

వానల్లో ఇక్కడ తోలు పట్టీకి ఇట్టే బూజు పడుతుంది. చెమ్మ లాగుతుందని నేను దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆ సంగతి మరిచి, మా ఆడపడుచు డిగ్లీపూర్ బయలుదేరిన రోజు, ఆడపిల్లను వట్టి చేతులతో పంపకూడదని ఆ బియ్యం సంచిలోకి వంచి ఇచ్చేశాను.

మధ్యాహ్నం మావారు వాచీ ఎక్కడని అడిగాకే నాకు గుర్తొచ్చింది. నిజం చెప్పాను. బస్సు అడవి దారిలో ఉంది, ఫోను కలవదు. ఆయన ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నారు.

"కాసేపు ఒకచోట బైఠియే నా, మీరలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నాను.

"నువ్వు చుప్ ఉండు" అన్నారు.

దీపాలు పెట్టే వేళకు ఆడపడుచే ఫోను చేసింది. మావారు స్పీకరు పెట్టగానే సంబరంగా అంది: "అన్నయ్యా, మీ బావకని బియ్యంలో దాచి పంపావా? పొర పీకేసి అప్పుడే చేతికి పెట్టేసుకున్నారు. అందరికీ చూపించి వస్తానని వెళ్లారు."

మావారు నా వంక చూశారు. "బావకి నచ్చిందా అమ్మా?" అని మాత్రం అడిగారు.

నెలలు గడిచాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకింకా మనసు కుదుటపడలేదు.