కుడి పక్క వచ్చే సైకిల్

ఆ ఆదివారం నిమ్మనపల్లె దాటి బాహుదా ఏటి వెంబడి మట్టిదారిలో సైకిల్ మీద పోతున్నాను. ఎండ ఇంకా ముదరలేదు. ఒక పక్క టమోటా తోటలు, ఇంకో పక్క ఇసుక తేలిన ఏరు, ఎదురుగా బండరాళ్ళ కొండలు. మనిషి అలికిడి లేదు. ఉన్నట్టుండి కడుపులోంచి ఏదో పైకి లేచినట్టయింది. జెయింట్ వీల్ దిగేటప్పుడు అవుతుందే, అలాగ. వెంటనే పంక్చర్ సొల్యూషన్ వాసన. ఆ తర్వాత నా కుడి పక్క, కొంచెం వెనకగా, కంకర మీద ఇంకో సైకిల్ టైరు నలుగుతున్న చప్పుడు.

అది మా అన్న. అన్నేమో అని అనుకోవడం కాదు, అన్నేనని తెలిసిపోయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అన్న పోయి అప్పటికి ఏడాది దాటింది.

నా పేరు గౌరి. మదనపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. అన్నకు పుంగనూరులో మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉండేది. మా వైపు కంకర దారుల్లో తొక్కే గ్రావెల్ సైకిల్ అనేది ఒకటుందని తెలియని రోజుల్లోనే బెంగళూరు పోయి కొనుక్కొచ్చాడు. లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లాగా వంకర తిరిగిన హ్యాండిల్. "తారు రోడ్డు మీద ఎవడైనా తొక్కుతాడు, మన దోవ వేరే" అనేవాడు. నన్నూ లాక్కెళ్ళేవాడు. ట్రాక్టరు వచ్చినా పాలవ్యాను వచ్చినా ముందు తనకే తగలాలని ఎప్పుడూ నాకు కుడి పక్కనే, అర సైకిల్ వెనక వచ్చేవాడు. ఒకరోజు దుకాణంలోనే గుండెపోటు వచ్చి పోయాడు. కర్మలన్నీ అయ్యాక వదిన సైకిల్ నా చేతికిచ్చింది. "దీన్ని చూస్తా ఇంట్లో ఉండలేను. నువ్వే తొక్కు పాపా" అంది.

ఆ మొదటిసారి తర్వాత ఇంచుమించు ప్రతి ఆదివారమూ అన్న వచ్చాడు. నిమిషం కూడా ఉండడు. కడుపులో లేవడం, సొల్యూషన్ వాసన, టైరు చప్పుడు, అంతే. పోయాక కాసేపు నోట మాట సరిగా వచ్చేది కాదు. కూరగాయల పేర్లు కూడా తడుముకునేదాన్ని. భయమేసేది. అంతకంటే ఎక్కువ సంతోషంగా ఉండేది. ఈ మాట రాయడానికి ఇప్పుడు కూడా నాకు చేయి రావడం లేదు, కానీ నిజం. వారమంతా ఆదివారం కోసం కాచుకునేదాన్ని.

మా వీధి క్లినిక్కులో డాక్టరుకు కళ్ళు తిరుగుతున్నాయని మాత్రం చెప్పాను. "బీపీ లోగా ఉంది, ఎండలో తిరగొద్దు, ఓఆరెస్ తాగండి" అన్నారు. అన్న సంగతి ఆయనకెలా చెప్తాను? వదినకు చెప్పాను. ఫోన్లో అంతా వినింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఎట్లుండాడు?"

"కనపడడు వదినా. ఉండాడని తెలుస్తాది."

"ఏమన్నా చెప్పినాడా?"

"ఏం చెప్పడు."

"బతికున్నప్పుడు మాత్రం ఏం చెప్పినాడులే" అని నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. అప్పట్నుంచి ఆదివారం నేను ఇంటికి చేరేలోపే వదిన ఫోను మోగుతుండేది.

సంగతి అమ్మ చెవిన పడింది. అమ్మ ఒక్క క్షణంలో తేల్చేసింది. మా ఇళ్ళల్లో పెద్దల అమావాస్యకు పోయినవాళ్ళ ఫోటో ముందర కొత్త బట్టలు, వాళ్ళకు ఇష్టమైన తిండి పెడతాం. కిందటేడు అన్నకు పంచె, తెల్ల చొక్కా పెట్టాం.

"పెండ్లిలో తప్ప వాడు పంచె కట్టిందెప్పుడు? పెట్టింది వానికి నచ్చలా. అందుకే పాప ఎనకాల తిరగతాండాడు" అంది అమ్మ.

ఆ ఏడు సైకిల్ తొక్కేవాళ్ళ బనియను ఒకటి తెప్పించాం, ముదురు నీలం రంగుది. దాంతోపాటు సంగటి, నాటుకోడి పులుసు, అన్నకు పిచ్చి ఇష్టమైన కడ్డీ ఐస్‌క్రీము. ఐస్‌క్రీము ఫోటో ముందర కరిగి విస్తరంతా పారింది. అమ్మ మొక్కుకుంది. వదిన గోడకానుకుని కూర్చుంది.

ఆ తర్వాతి ఆదివారం అన్న రాలేదు. మరుసటి వారమూ రాలేదు. అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. నేను చదువుకున్నదాన్నే, లెక్కలు చెప్పేదాన్నే, అయినా నాకూ అదే నమ్మకం కుదిరింది. పెట్టాం, తిన్నాడు, పోయాడు. ఇంక ఆసుపత్రి ఎందుకు? ఇదొక జబ్బని, కొన్నాళ్ళు దానంతటది ఊరుకుని మళ్ళీ లేస్తుందని మాకెవరికీ తెలియదు. వదిన మాత్రం, "పెట్టకుండా ఉంటే బాగుండు" అని నాతో ఒక్కసారి అనింది.

చలికాలంలో ఒక పొద్దున అదే ఏటి దారిలో మళ్ళీ వాసన వచ్చింది. టైరు చప్పుడు ఈసారి వెనక ఆగలేదు, నా పక్కకే వచ్చేసింది. కుడి చెయ్యి దానంతటది కొట్టుకోవడం చూశాను. అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఏటి ఒడ్డున ఇసుకలో పడి ఉన్నాను. నాలుక తెగి నోరంతా రక్తం. గొర్రెలు మేపుతున్న ఒకామె నా తల ఒళ్ళో పెట్టుకుని, నా చేతిలో తాళం చెవులు కుక్కి గట్టిగా మూసి పట్టుకుని ఉంది. "పిట్స్ వచ్చినాయి తల్లీ. కదలద్దు, ఆటో వస్తాంది. నీ జతలో ఎవురన్నా ఉండారా?" అంది. "మా అన్న" అన్నానట. ఆమె పాపం లేచి ఏట్లో అటూ ఇటూ వెతికిందట.

వదిన పుట్టిల్లు కుప్పం. అక్కడి పెద్దాసుపత్రికి నన్ను తనే తీసుకెళ్ళింది. ఈఈజీ తీశారు, ఎమ్మారై తీశారు. న్యూరాలజీ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అన్న సంగతి నేను దాచాను, వదిన చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వలేదు. అంతా రాసుకుని ఒకటే అడిగారు.

"మీ అన్నయ్య ఉన్నప్పుడు రోజూ అదే వాసనతో, అదే పక్కన, అంతే సేపు వచ్చేవారా?"

"లేదు మేడం."

"మనిషి ఒక్కోరోజు ఒక్కోలా వస్తాడమ్మా. ఎప్పుడూ అచ్చం ఒకేలా వచ్చేది ఫోకల్ సీజర్, అంటే మెదడులో ఒక్కచోట పుట్టే ఫిట్స్."

మెదడులో ఎడమ కణత లోపలుండే టెంపోరల్ లోబ్ దగ్గర నీటితిత్తి లాంటి చిన్న సిస్ట్, దాని చుట్టూ వాపు. జబ్బు పేరు న్యూరోసిస్టిసర్కోసిస్. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, అక్కడ్నుంచి మెదడుకు చేరిన పిల్ల పురుగు చేసిన పని. పంది మాంసం తింటారా అనడిగితే, మాతో వచ్చిన అమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "మా ఇంటా వంటా లేదు!" అంది. తినకపోయినా వస్తుందని, కడగని పచ్చి కూరగాయలు, మురికి చేతులు, మంచివి కాని నీళ్ళు చాలని డాక్టరమ్మ చెప్పారు. నాది ఎక్కడ్నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరట. దారిలో రైతులు పిలిచి ఇచ్చిన టమోటాలు ఎన్ని జెర్సీకి తుడిచి తిన్నామో నాకు గుర్తొచ్చింది.

కళ్ళల్లో కూడా పురుగు లేదని పరీక్ష చేసి చూశాక పురుగుకు ఆల్బెండజోల్, వాపుకు స్టెరాయిడ్, ఫిట్స్‌కు లెవెటిరాసెటమ్ మొదలుపెట్టారు. "పురుగు చచ్చేటప్పుడు వాపు పెరగొచ్చు. కొన్నిరోజులు ఫిట్స్ ఎక్కువ కావొచ్చు, అడ్మిషన్‌లోనే ఉండండి" అన్నారు. అన్నట్టే అయింది. తల పగిలిపోయే నొప్పి, వాంతులు. ఒక మధ్యాహ్నం వార్డులో మంచం మీద ఉండగా కడుపులో లేచింది. సొల్యూషన్ వాసన. నున్నటి టైల్స్ పరిచిన వార్డులో, నా కుడి పక్క, కంకర మీద టైరు నలుగుతున్న చప్పుడు.

అప్పుడు నాకు నిజంగా భయం పుట్టింది. ఇక్కడ కంకర లేదు. సైకిల్ లేదు. అన్న లేడు. ఉన్నదంతా నా తలలోనే ఉంది.

నా మొహం చూసి వదినకు అర్థమైంది. "వచ్చినాడా?" అంది. తలూపాను.

వదిన నా కుడి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. గబుక్కున లేచి పక్కకు జరిగింది, అన్నకు చోటిస్తున్నట్టు. ఆ ఖాళీ స్టూలు వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. నా చెయ్యి కొట్టుకోవడం మొదలుకాగానే వెనక్కి తిరిగి, వార్డంతా అదిరేలా "సిస్టర్! సిస్టర్! మా పాపకు ఫిట్స్ వస్తాండాయి, రాండి!" అని అరిచింది. ఇంజెక్షన్ ఇచ్చారు.

ఆ తర్వాత అన్న మళ్ళీ రాలేదు.

బాగుపడటం కూడా ఒక్కసారిగా జరగలేదు. స్టెరాయిడ్‌తో మొహం బూరెలాగ ఉబ్బింది. ఫిట్స్ మాత్రతో కోపం, ఊరికే కోపం. గంటె కింద పెట్టిన చప్పుడుకు కూడా అమ్మ మీద విరుచుకుపడేదాన్ని. చెప్పాక డాక్టరమ్మ మందు మార్చారు. వీటన్నిటికంటే కష్టమైంది ఇంకోటి ఉంది. అన్న చనిపోయినప్పుడు నేను పిల్లలకు పరీక్షలు పెడుతూ, వచ్చిపోయేవాళ్ళకు కాఫీలిస్తూ గడిపేశాను. ఇప్పుడు ఏడ్చాను, నెలల తరబడి. జబ్బు తగ్గినందుకు ఏడుస్తున్నానని ఎవరికి చెప్పుకోను? వదినకు చెప్పాను. మాత్ర వేళ తప్పకుండా నా చేతిలో పెట్టి, మింగేదాకా కదలని మనిషి కూడా వదినే.

మళ్ళీ ఎమ్మారై తీస్తే సిస్ట్ పోయి, సున్నంలా గట్టిపడిన చిన్న కాల్సిఫికేషన్ మచ్చ మిగిలింది. "ఫిట్స్ రాలేదని మాత్ర మీరే ఆపేయొద్దు. ఎప్పుడు ఆపాలో నేను చెప్తాను. సైకిల్ తొక్కండి, కానీ ఒంటరిగా వద్దు, నీళ్ళ పక్కన వద్దు" అన్నారు డాక్టరమ్మ. ఇప్పుడు ఏటి గట్టు వదిలి కొండ కింది దారిలో తొక్కుతున్నాను. తోడుగా వదిన స్కూటీలో ముందు పోతుంది. కంకరలో స్కూటీ ఎగిరినప్పుడల్లా, "మీ అన్నాచెల్లెండ్లకు మంచి రోడ్డు కండ్లకు కనపడదా?" అని తిట్టుకుంటుంది.

ఈసారి పెద్దల అమావాస్యకు అన్ని పనులూ వదినే చేసింది. విస్తరి ఫోటో ముందర పెట్టి, నేను వింటున్నానని తెలిసే, గట్టిగా చెప్పింది.

"తిని పో. పాప ఎనకాల పోవద్దు. అంతగా రావాలనిపిస్తే నా కాడికే రా. నేను సైకిల్ తొక్కను, పడేదేం లేదు."

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నొప్పి అయితే డాక్టరుకు ఎవరైనా చెప్తారు. మీకు హాయినిచ్చేది, ఓదార్పునిచ్చేది ఏదైనా మళ్ళీ మళ్ళీ అచ్చం ఒకేలాగ వస్తుంటే, అది కూడా చెప్పండి. దాన్ని పోగొట్టుకోవడం మీకు ఇష్టం లేకపోతే, ముందుగా అదే చెప్పండి.